మామ చెప్పిన మాట

ధ్యానమునకు వాక్యభాగములు: నిర్గమకాండము 18:13-27, సంఖ్యాకాండము 11:10-29, అపొస్తలుల కార్యములు 18:24-28



మామగారు మన యింటికి వచ్చినప్పుడు మనమేమి చేయుదుము? కాళ్లకు నీళ్లిచ్చి, మంచము వాల్చి, ఉన్నదానిలో ఒక కోడిని కోసి మర్యాద చేయుదుము. ఆయన రెండు దినములుండి, మనుమలను ఎత్తుకొని ముద్దాడి, వెళ్లిపోవును. అంతవరకు అందరికిని సంతోషమే. అయితే మరునాటి ఉదయమున ఆయన మన పొలము గట్టుమీద నిలిచి, "అల్లుడా, నువ్వు నీళ్లు కట్టే తీరు మంచిగ లేదు" అనిన యెడల మన ముఖము ఎట్లుండును? మధ్యాహ్నము భోజనము దగ్గర మాటలు తగ్గిపోవును. ఆయన బస్సెక్కిన పిమ్మట భార్యతో, "మీ నాయినను ఆయన పొలం సంగతి ఆయననే చూసుకొమ్మను" అందుము. ఇది అందరి యిండ్లలోని సంగతియే గనుక నేను ఎవరినో ఉద్దేశించి చెప్పుచున్నానని తలంచవద్దు.

మోషేకు ఇట్టి ఉదయమే యొకటి వచ్చెను. మామయైన యిత్రో మిద్యానునుండి తన కుమార్తెను, ఇద్దరు మనుమలను వెంటబెట్టుకొని అరణ్యములోని పాళెమునకు వచ్చెను. అల్లుడు ఎదురు వెళ్లి, వంగి నమస్కరించి, ముద్దుపెట్టుకొని, గుడారములోనికి తోడుకొని పోయెను. ఐగుప్తులో జరిగిన కార్యములన్నియు వినిపించెను. అందరును కలిసి భోజనము చేసిరి. మరునాడు మోషే న్యాయము తీర్చుటకు కూర్చుండెను. పొద్దు పొడిచినది మొదలుకొని పొద్దు క్రుంకువరకు జనులు అతని చుట్టు నిలిచియుండిరి. మామ ఒక ప్రక్కన నుండి యిదంతయు చూచెను.

"చూచెను" అను మాటను మనము త్వరగా దాటిపోవుదుము. యిత్రో నోరు తెరువకముందు ఒక దినమెల్ల చూచెను. ఆ తరువాత కూడ మొదట ఆజ్ఞ యియ్యలేదు, ప్రశ్న అడిగెను. ఒక్కడు కూర్చుండుటకును, ఇంతమంది నిలువబడుటకును కారణమేమని అడిగెను. దానికి మోషే చెప్పిన జవాబు నాకు మిక్కిలి పరిచయమైన జవాబు. జనులు నా యొద్దకే వచ్చుచున్నారు గదా అని అతడు చెప్పెను. అందులో అబద్ధము లేదు, నిజముగానే వచ్చుచుండిరి. అయితే వారు వచ్చుట అతనికి కనబడినది. వారు నిలువబడుట కనబడలేదు. కూర్చున్నవానికి నిలువబడినవాని కాళ్ల నొప్పి ఎట్లు తెలియును? యిత్రోకు రెండును కనబడెను. ఇట్లు చేసిన యెడల నీవును నలిగిపోవుదువు, నీ యొద్దకు వచ్చువారును నలిగిపోవుదురని చెప్పెను. మోషే చెడ్డవాడని అతడు అనలేదు. పని జరుగుచున్న తీరు బాగుగా లేదనెను. మంచి మనుష్యుడు చెడ్డ పద్ధతిలో పని చేయవచ్చునని మనము సులభముగా ఒప్పుకొనము. పద్ధతిని తప్పుపట్టిన యెడల మనలనే తప్పుపట్టిరని అలుగుదుము.

నేను అలిగితిని గనుక చెప్పుచున్నాను.

నా పాస్టరేటులో పల్లెలు తొమ్మిది. బాప్తిస్మ పత్రములు, వివాహ పత్రములు, ఒక సంఘమునుండి మరియొక సంఘమునకు వెళ్లువారి ఉత్తరములు, అన్నియు నేనే వ్రాయుచుంటిని. రిజిస్టరులను జాగ్రత్తగా ఉంచవలెనని సెమినరీలో మాకు నేర్పిరి. వాటిని మరియొకరి చేతికి ఇయ్యకూడదని మాత్రము ఎవరును నేర్పలేదు; అది నేనే కలుపుకొంటిని. ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత బల్లయొద్ద కూర్చుండి, ఒక్కొక్కరిని పిలిచి, పాత రిజిస్టరు తెరచి, పేరు వెదకి, పత్రము వ్రాసి, ముద్ర వేసి యిచ్చుచుంటిని. పిల్లలను బడిలో చేర్చు జూన్ మాసములో ఆ వరుస ద్వారము దాటి వేపచెట్టువరకు పోవుచుండెను. నా లోపల ఒక రహస్యమైన సంతోషము కూడ ఉండెను. ఎంతమంది నా యొద్దకు వచ్చుచున్నారు!

ఒక ఆదివారము మందిరము ఊడ్చు అవ్వ చీపురును గోడకు ఆనించి నా బల్లయొద్దకు వచ్చెను.

"అయ్యగారూ, గీ ఊర్ల కలం ఒక్కటేనా ఉన్నది?" అని అడిగెను.

నాకు అర్థము కాలేదు. "ఏమైందవ్వా?" అంటిని.

"పొద్దుగాల తొమ్మిదింటికి వచ్చిన పిల్ల గింక నిలవడ్డది. చంకల పిలగాడు ఏడుస్తుండు. రెండింటి బస్సు పాయె. ఇగ అయిదింటిదాక బస్సు లేదు. మీరు రాసుడు మంచిగనే రాస్తున్నరు గని, నిలవడ్డోళ్ల దిక్కు చూస్తలేరు."

ఆ మాటకు నేను పదిహేను దినములు అలిగితిని. అక్షరము రాని మనిషికి రిజిస్టరు సంగతి ఏమి తెలియునని తలంచితిని. అవ్వ నమస్కారము పెట్టిన యెడల తల మాత్రము ఊపుచుంటిని. ఇంతలో ఆదివారపు పాఠముల పట్టికలో నిర్గమకాండము 18వ అధ్యాయము వచ్చెను. దానిమీద ప్రసంగింపవలసినవాడను నేనే. ప్రభువు అప్పుడప్పుడు తన సేవకులతో పరిహాసమాడునేమో అని నాకు తోచెను.

ఆ రాత్రి చదువుచుండగా నన్ను ఆపినది ఇది. యిత్రో ఇశ్రాయేలీయుడు కాడు. సముద్రము పాయలైనప్పుడు అక్కడ లేడు. మన్నా కురిసినప్పుడు లేడు. మోషేయో మండుచున్న పొదలోనుండి దేవుని స్వరము విన్నవాడు. అయినను అతడు ఆ పెద్దమనిషి మాట విని, చెప్పినట్లెల్ల చేసెను. దేవునితో మాటలాడువానికి కూడ మామ చెప్పవలసిన మాట ఒకటి మిగిలియుండెను.

బయటివాని కంటికి కనబడు తప్పు ఒకటి కలదు. పని చేయువాని శరీరమునకు మాత్రమే తెలియు తప్పు మరియొకటి కలదు. ఈ రెండవదానిని గూర్చి మన పొరుగు జిల్లాలో జరిగిన సంగతిని మీలో కొందరు విని యుందురు.

సిద్దిపేటనుండి చేర్యాల మీదుగా దక్షిణమునకు పోయిన యెడల ఆలేరు వచ్చును. అది యిప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలోనిది. ఆ ప్రాంతమున శారాజీపేట అను గ్రామము కలదు. అక్కడి నేతవారు పోచంపల్లి చీరలు నేయుదురు. ఈ చీర విశేషమేమనగా, నేసిన బట్టకు రంగు అద్దరు. నేయకముందే దారమునకు అక్కడక్కడ కట్లు కట్టి రంగులో ముంచుదురు. మగ్గము మీద దారములు కలిసినప్పుడు పువ్వులు, పక్షులు తామే తేలివచ్చును. ఇట్లు జరుగవలెనన్న యెడల కట్లు కట్టుటకు ముందు దారమును ఒక క్రమములో పేర్చవలెను. దానిని ఆసు పోయుట అందురు. ఒక వైపున ఒక మేకు, దానికి ఎదురుగా అర్ధచంద్రాకారముగా నాటిన మేకుల వరుస. స్త్రీ దారము పట్టుకొని చేతిని ఈ వైపునుండి ఆ వైపునకు, ఆ వైపునుండి ఈ వైపునకు ఆడించుచుండవలెను. ఒక్క చీరకు చేయి 9,000 సారులు ఇట్లు పోయి రావలెను. దినమునకు రెండు చీరలైన యెడల 18,000 సారులు. ఒక్కొక్క చీరకు నాలుగైదు గంటలు. ఇంటి పని, వంట పని, పిల్లల పని దీనికి వేరుగా.

చింతకింది మల్లేశం అనువాని తల్లి లక్ష్మి ఈ పని చేయుచుండెను. భుజము నొప్పిచేత ఇక తనవలన కాదని ఆమె కుమారునితో చెప్పెను. మల్లేశం చిన్నతనములోనే బడి మాని మగ్గము పనిలో దిగినవాడు. ఇంజనీరింగు చదువు ఎరుగడు. 1992వ సంవత్సరములో ఆసు పోయుటకు ఒక యంత్రము చేయవలెనని పూనుకొనెను. ఒక భాగము కుదిరిన మరియొక భాగము కుదరలేదు. అప్పులాయెను. ఊరివారు నవ్విరి, ఇంటివారు ఇక చాలించుమనిరి. అతడు హైదరాబాదునకు పోయి కూలిపని చేయుచు, మిగిలిన డబ్బుతో మరల ఒక్కొక్క భాగము చేసికొనుచుండెను. అక్కడ బాలానగర్‌లోని ఒక కార్ఖానాలో ఏదో యంత్రము కదలుచున్న తీరు చూచి, తన యంత్రములో తక్కువైనది అదేనని గ్రహించెను. 1999వ సంవత్సరములో యంత్రము పని చేసెను. నాలుగైదు గంటల ఆసు గంటన్నరలో ముగిసెను. దానికి తల్లి పేరుననే లక్ష్మీ ఆసు యంత్రమని పేరు పెట్టెను. 2017లో భారత ప్రభుత్వము అతనికి పద్మశ్రీ యిచ్చెను. 2019లో అతని కథ సినిమాగా కూడ వచ్చెను.

యాకోబు రాహేలు కొరకు ఏడు సంవత్సరములు కొలువు చేసెనని చదువుదుము. ఇతడు తల్లి భుజము కొరకు ఏడు సంవత్సరములు పాటుపడెను.

నన్ను ఆలోచింపజేసినది బహుమానము కాదు. ఆ చేయి అటు ఇటు ఆడుట ఎన్ని తరములవారు చూచిరి! ప్రతి యింటిలోను పురుషులు చూచిరి, అత్తలు చూచిరి, బట్ట కొనువారు చూచిరి. నొప్పి ఆ పనిలో ఒక భాగమనుకొనిరి. "అది గంతే" అనిరి. ఈ రెండు మాటలు మన పల్లెలలో ఎన్ని భుజములను అరగదీసినవో దేవునికే తెలియును. మల్లేశం కొత్తగా చూచినది ఏమియు లేదు. అందరును చూచినదానినే చూచి, "అది గంతే" అనలేదు. మరియు అతడు 1999తో ఆగలేదు. అదే యంత్రమునకు తరువాత ఎలక్ట్రానిక్ భాగములు చేర్చి, దానిని మరల మరల సరిచేయుచు వచ్చెను. పనిచేయుచున్న దానిని ఎందుకు ముట్టుకొందువని అడుగువారు ఎప్పుడును ఉందురు.

ఇట్టిదే మరియొక కొడుకు సంగతి దీనికి నూరేండ్లకు ముందు జపానులో జరిగెను. సకిచి టొయోడా 1867లో ఒక వడ్రంగి యింట పుట్టెను. రాత్రులు మగ్గము మీద కష్టపడు తల్లిని చూచుచు పెరిగెను. 1890లో ఒక్క చేతితో నడుపదగిన చెక్కమగ్గమును చేసెను. అంతటితో తృప్తిపడక ముప్పదినాలుగు సంవత్సరములు మార్చుచు పోయి, 1924లో దారము తెగినవెంటనే తానే ఆగిపోవు మగ్గమును తెచ్చెను. (మన మెదకు మహాదేవాలయము పదేండ్ల పనికి పిమ్మట క్రిస్మసు దినమున ప్రతిష్ఠింపబడినది కూడ ఆ 1924లోనే.)

తానే ఆగిపోవు మగ్గము అనగా ఏమో నేతవారికి వెంటనే తెలియును, తక్కినవారికి చెప్పవలెను. యంత్రపు మగ్గము గ్రుడ్డిగా నడచును. ఒక దారము తెగినను అది తెలియక నేయుచునే పోవును. చూచుకొనులోపల గజములకొలది బట్ట పాడగును. అందుచేత ప్రతి మగ్గము నెదుట ఒక మనిషి రెప్ప వేయక కావలి కాయవలెను. తెగినచోటనే ఆగు మగ్గము వచ్చిన తరువాత తప్పు బట్టలోనికి పోలేదు, మనిషి యంత్రమునకు కావలి కుక్క కాలేదు. సకిచి కుమారుడు కిచిరో 1937లో మోటారుకార్ల కంపెనీ పెట్టెను. ఆ కార్ఖానాలలోనికి కూడ ఈ ఆలోచనయే వెళ్లెను. పనివారి తలలపైన ఒక త్రాడు వ్రేలాడుచుండును. ఎంత చిన్న పనివాడైనను తప్పు కనబడిన యెడల ఆ త్రాడు లాగవచ్చును. మేస్త్రీ పరుగెత్తుకొని వచ్చును. ఎవడు లాగెనని కోపపడుటకు కాదు, ఏమి జరిగెనని అడుగుటకు. సరికానియెడల పని వరుసయే ఆగును. 1951నుండి అక్కడి పనివారు తమ పనిని మేలుపరచు ఉపాయములను వ్రాసి యిచ్చు ఏర్పాటు కూడ చేసిరి. దినదినము కొంచెము కొంచెముగా బాగుచేసికొను ఈ అలవాటునకు జపాను భాషలో కైజెన్ అని పేరు. మంచివైపునకు మార్చుట అని దాని భావము.

మన మందిరములలో ఆ త్రాడు ఎక్కడ వ్రేలాడుచున్నది? మన పాఠశాలలలో, ఆసుపత్రులలో, ధాన్యపు కొనుగోలు కేంద్రములలో ఎక్కడ? మా మందిరములో అది ఒక చీపురుకట్ట రూపమున నుండెను. లాగినప్పుడు మేస్త్రీ అలిగి కూర్చుండెను.

ఆ కంపెనీలోనే తైచి ఓనో అను పెద్ద ఇంజనీరు, తప్పు కనబడినప్పుడు ఒకసారి ఎందుకని అడిగి ఊరకుండక, అయిదుమారులు ఎందుకని అడుగుడని నేర్పెను. నేను దీనిని మా సంఘ కమిటీలో ప్రయత్నించితిని. ఆదివారము ఆరాధన ఎందుకు ఆలస్యముగా మొదలగుచున్నది? స్త్రీలు ఆలస్యముగా వచ్చుచున్నారు గనుక. వారెందుకు ఆలస్యముగా వచ్చుచున్నారు? ఇంటిపని తీరలేదు గనుక. ఎందుకు తీరలేదు? నల్లా నీళ్లు అదే వేళకు వచ్చును గనుక, పట్టవలెను. ఆ నీళ్లు స్త్రీలే ఎందుకు పట్టవలెను? భర్తలు ఇంటియొద్ద లేరు గనుక. వారెందుకు లేరు? వారు త్వరగా వచ్చి, మందిరపు అరుగుమీద కూర్చుండి, స్త్రీలు ఎల్లప్పుడును ఆలస్యమే చేయుదురని మాటలాడుకొనుచున్నారు గనుక! అయిదవ ప్రశ్నకు కమిటీలో ఎవరును తల ఎత్తలేదు. ఆ మాసములో ఆరాధన వేళకు మొదలైనదని చెప్పుటకు సంతోషించుచున్నాను. తరువాతి మాసము సంగతి అడుగవద్దు.

ఇక్కడ ఒక సంగతి దాచకూడదు. మెరుగు అని పేరుపెట్టి వచ్చినదంతయు మేలు చేయదు. టొయోడా తల్లి కష్టమును చూచి మొదలుపెట్టిన మగ్గమే కాలక్రమమున మరమగ్గమై, లోకములో ఎందరో చేనేతవారి పని తీసికొనెను. మనకు ఇది దూరపు కథ కాదు. ప్రక్కనే సిరిసిల్లలో మరమగ్గముల చప్పుడు వినుచున్నాము. చేతిమగ్గమును కాపాడుటకు 1985లో పార్లమెంటు చట్టము చేసి కొన్ని రకముల బట్టను చేనేతకే విడిచిపెట్టవలసి వచ్చెను. మన సిద్దిపేటలో నెత్తిన కుండ పెట్టుకొని నడచు గొల్లభామ బొమ్మను నేతలోనే, దారము వెంట దారము చేతితో దూర్చి తేలజేయుదురు. ఆ చీరకు భౌగోళిక గుర్తింపు దొరకెను. ఆ నేర్పు గల చేతులు మాత్రము తగ్గిపోయినవి.

కాబట్టి ఏ కొత్త పద్ధతి వచ్చినను, ఇది ఎవరి భుజమునుండి బరువు దించుచున్నది, ఎవరి కంచమునుండి అన్నము తీయుచున్నది అని రెండు ప్రశ్నలును అడుగవలెను. మల్లేశం యంత్రము నేతవాని నేర్పును తీసికొనలేదు, మగ్గమును ప్రక్కకు త్రోయలేదు. నొప్పిని మాత్రము తీసికొనెను. యిత్రో ఉపాయము కూడ అట్టిదే. వరుస తగ్గుటకు మనుష్యులను త్రోసివేయుమని అతడు చెప్పలేదు. వేయిమందికి, నూరుమందికి, ఏబదిమందికి, పదిమందికి ఒక్కొక్కని నిలుపుమని చెప్పెను. వారు దైవభయము గలవారును, సత్యవంతులును, లంచము అసహ్యించుకొనువారునై యుండవలెను. దానికి ముందు జనులకు నడవవలసిన త్రోవ, చేయవలసిన పని నేర్పుమనెను. నేర్పుట మొదట, అప్పగించుట తరువాత. మనము దీనిని తలక్రిందులు చేయుదుము. నేర్పక అప్పగించి, తప్పిపోగానే, "చూచితిరా, నేను చేసియుంటే ఇట్లగునా" అని తిరిగి లాగుకొందుము.

నేను సరిగా అట్లే చేయబోయితిని. ఆ ప్రసంగము చేసిన తరువాత ఇంటర్మీడియటు చదివిన ఇద్దరు ఆడపిల్లలను పిలిచి రిజిస్టరులు చూపితిని. వారము తిరుగకముందే ఒక పత్రములో తండ్రి పేరునకు బదులు తాత పేరు పడెను. బడివారు ఆ పత్రమును త్రిప్పి పంపిరి. ఆ తండ్రి నా యొద్దకు వచ్చి కోపపడెను. పెద్దలలో ఒకాయన, "అయ్యగారి చేతి రాత ఉంటేనే అది కాయిదం, పోరగాండ్లు రాస్తే ఎట్ల?" అనెను. రిజిస్టరులను మరల పెట్టెలో పెట్టి తాళము వేయవలెనని నాకు బలమైన కోరిక కలిగెను. వారికి నేను ఎంత నేర్పితినని నన్ను నేనే అడిగికొంటిని. అరగంట. సెమినరీలో నాకు ఒక సంవత్సరమంతా నేర్పిన దానిని వారికి అరగంటలో చెప్పి, తప్పు వారిదంటిని.

ఆ దినములలోనే సంఖ్యాకాండము 11వ అధ్యాయము తెరచితిని. యిత్రో ఏర్పాటు చేసి వెళ్లెను గదా, మోషే కష్టము తీరిపోయెనని మనమనుకొందుము. తీరలేదు. అక్కడ మోషే ఈ జనులందరి బరువు నేనొక్కడనే మోయలేను, దీనికంటె చావు మేలని దేవునికి మొరపెట్టుచున్నాడు. ఒకసారి సరిచేసిన పని మరల బిగిసిపోయెను. వేలకు, నూర్లకు అధిపతులు ఉండిరి, పని పంచబడెను, గుండెలోని బరువు పంచబడలేదు. అప్పుడు దేవుడు డెబ్బదిమంది పెద్దలను పిలిపించి, మోషేమీదనున్న ఆత్మలో పాలు తీసి వారిమీద ఉంచెను. మొదటిసారి పద్ధతి మారెను, రెండవసారి మనుష్యులు మారిరి. అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయములో మూడవసారి కూడ ఇట్టి అవసరమే వచ్చినది. దినదినము పంచు ఆహారములో కొందరు విధవరాండ్రు మరువబడుచున్నారని సణుగు పుట్టినప్పుడు, అపొస్తలులు ఆ సణుగును అణచలేదు. విని, ఏడుగురిని ఏర్పరచిరి.

ఆ డెబ్బదిమంది దినమున జరిగిన మరియొక సంగతి మీరు మరువకుడి. ఎల్దాదు, మేదాదు అను ఇద్దరు గుడారము నొద్దకు రాక పాళెములోనే నిలిచిపోయి, అక్కడనే ప్రవచించిరి. ఒక యౌవనుడు పరుగెత్తివచ్చి ఆ సంగతి తెలుపగా, చిన్ననాటినుండి మోషేను వెంబడించిన యెహోషువ వారిని ఆపుమనెను. అయ్యగారి మేలు కోరువారు ప్రతి సంఘములోను ఇట్లే పరుగెత్తి వచ్చుదురు. మోషే మాత్రము సంతోషించెను. జనులందరును ప్రవక్తలైన యెడల ఎంత మేలని కోరెను. తన మీదిది మరియొకరికి ఇచ్చినప్పుడు తనకు తరుగు రాలేదని అతనికి తెలిసియుండెను. దీపముతో దీపమును వెలిగించిన యెడల మొదటి దీపము వెలుగు తగ్గునా?

నేర్పు తీరును గూర్చి అకుల ప్రిస్కిల్లల యొద్ద నేర్చుకొంటిని. వారు గుడారములు కుట్టు పనివారు. చేతిపనివారికి తప్పు దిద్దు మర్యాద తెలియును. పని నేర్చుకొనువాడు వంకరగా కుట్టిన యెడల నలుగురిలో చేయి పట్టుకొని నవ్వరు, ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఆ కుట్టు విప్పి మరల కుట్టి చూపుదురు. అపొల్లో గొప్ప వక్త, లేఖనములలో ఆరితేరినవాడు, అయితే యోహాను బాప్తిస్మమువరకే తెలిసినవాడు. సమాజమందిరములో అతని ప్రసంగము విని వారు లేచి నిలిచి తప్పుపట్టలేదు. తమ యొద్దకు పిలుచుకొని పోయి మార్గమును మరింత సరిగా వివరించిరి. ఆ పండితుడు గుడారములు కుట్టు దంపతుల మాట, అందులోను ఒక స్త్రీ మాట, కూర్చుండి వినెను. అంతకు ముందు అతడు మంచి బోధకుడే. తరువాత అకయకు వెళ్లి అక్కడి విశ్వాసులకు బహు సహాయకుడాయెను.

ఆ ప్రకారమే నేను నాలుగు శనివారములు ఆ పిల్లలతో కూర్చుంటిని. పాత రిజిస్టరులలో ఇంటిపేర్లు ఎట్లు మారినవో, దొరల కాలములో పేర్లను ఇంగ్లీషు అక్షరములలో ఎట్లు వ్రాసిరో, తండ్రి పేరు ఏ గడిలో చూడవలెనో చూపితిని. అయిదవ శనివారమున వారిలో చిన్నది, "అయ్యగారూ, బాప్తిస్మం ఇచ్చిన దినమే కాయితం రాసి చేతికిస్తే అయిపాయె గద, అయిదేండ్ల తర్వాత వెతుకుడెందుకు?" అని అడిగెను. ఇరువది సంవత్సరముల సేవలో ఇది నాకు ఒక్కసారియైనను తోచలేదు. నేను వరుసను త్వరగా నడిపించుట ఎట్లని ఆలోచించుచుంటిని; ఆ బిడ్డ వరుసయే అక్కరలేదని చూచెను. ఇప్పుడు బాప్తిస్మము పొందిన దినముననే పత్రము తల్లి చేతికి ఇచ్చుచున్నాము. వ్రాయుట వారిది, సరిచూచి సంతకము చేయుట నాది. కిందటి జూన్‌లో వరుస మందిరపు గడప దాటలేదు. పాతవారు ఇంకను వచ్చుచున్నారు గనుక బల్ల తీసివేయలేదు.

ఆ విధముగా మిగిలిన ఆదివారపు మధ్యాహ్నములలో మంచము పట్టిన వృద్ధుల యిండ్లకు వెళ్లుచున్నాను. ఒక తాతయ్య, "రెండేండ్ల సంది మిమ్ముల ఇంటికాడ చూడలేదు అయ్యగారూ" అనెను. రెండేండ్లు నేను ఆయనకు రెండు మైళ్ల దూరములో కూర్చుండి పత్రములు వ్రాయుచుంటిని.

అవ్వ సంగతి చెప్పి చాలింతును. పోయిన మాసము కానుకల లెక్క చదివిన తరువాత ఆమె మరల చీపురు గోడకు ఆనించి వచ్చెను.

"అయ్యగారూ, లెక్క సదివేటప్పుడు మీరు ఉరుకుతున్నరు. నేను పదిరూపాలు ఏసిన. అవి ఏడికి పోయినయో నాకు సమజయితలేదు" అనెను.

ఈసారి నేను రెండు దినములే అలిగితిని. వచ్చు శనివారము ఆ పిల్లలిద్దరిని, అవ్వను కూర్చుండబెట్టి, చదువురానివారికి కూడ తెలియునట్లు లెక్కను ఎట్లు చెప్పవలెనో అడుగవలెనని యున్నాను.